మేడమీద బాత్రూమ్‌కి వినైల్ ప్లాంక్ వేయించొచ్చా? అమ్మ జారిపడుతుందేమోనని టెన్షన్

గోదారి_గట్టు (క్యారీ, నార్త్ కరోలినా):

అందరికీ నమస్కారం. బాత్రూమ్ నేల విషయం తేల్చుకోలేక మూడు వారాలుగా సతమతమవుతున్నాను. ఇక్కడ ఇల్లు బాగుచేయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు కదా అని రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది 1998లో కట్టిన చెక్క ఇల్లు. మేడమీద హాల్లో ఉన్న బాత్రూమ్ 5 అడుగులు బై 8 అడుగులు, టబ్ పోగా మిగిలే నేల 27 చదరపు అడుగులకి మించదు. ఇల్లు కట్టినప్పుడు వేసిన షీట్ వినైలే, అంటే చాపలా పరిచే ప్లాస్టిక్ షీటే, ఇంకా ఉంది. టబ్ పక్కన అంచు పైకి లేచి చుట్టుకుపోయింది, టాయిలెట్ చుట్టూ పసుపుపచ్చగా మారింది, ఎంత తోమినా పోదు. అక్టోబరులో అమ్మానాన్నలు కాకినాడ నుంచి ఆరు నెలలకి వస్తున్నారు. వాళ్లు వాడేది ఈ బాత్రూమే.

అమ్మకి రెండు మోకాళ్లూ మార్చారు. పోయినసారి వచ్చినప్పుడు మా మాస్టర్ బాత్రూమ్‌లో నున్నటి టైల్స్ మీద తడి కాలు జారి పడిపోయింది. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు గానీ తుంటి దగ్గర అరచేయంత మేర కమిలిపోయి, రెండు వారాలు ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయింది. అప్పటినుంచి ఆవిడ బాత్రూమ్‌లో ఉన్నంతసేపూ నా చెవులు అటే ఉంటాయి. పైగా జనవరిలో ఆ టైల్స్ ఎంత చల్లగా ఉంటాయో ఈ దేశంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇద్దరు కాంట్రాక్టర్లని పిలిచాను. ఒకాయన టైల్సే వేయించమన్నాడు, పాతది పీకి, కింద సిమెంట్ బోర్డు కొట్టి, టైల్స్ అతికి, వాటి మధ్య గీతల్లో గ్రౌట్ నింపి, మొత్తం నాలుగు రోజుల పని, 2,100 డాలర్లు. ఇంకొకాయన ఇంత చిన్న బాత్రూమ్‌కి అదంతా ఎందుకు, వినైల్ ప్లాంక్, అంటే చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు, వేస్తే ఒక్క రోజులో అయిపోతుంది, 750 డాలర్లు చాలు, పూర్తిగా వాటర్‌ప్రూఫ్ అన్నాడు. స్నేహితుల్లో సగంమంది ప్లాస్టిక్ నేల వేస్తావా, ఇల్లు అమ్మేటప్పుడు రేటు పడిపోతుంది అంటున్నారు.

నా సందేహాలు ఇవి. వాటర్‌ప్రూఫ్ అనే మాటని ఎంతవరకు నమ్మొచ్చు? తడిస్తే టైల్స్ కంటే తక్కువ జారుతుందా? టాయిలెట్ తీసి దాని కిందకి కూడా వేయాలా, చుట్టూ కోసి వదిలేయొచ్చా? ఇంకో ముఖ్యమైన సంగతి, అమ్మ టాయిలెట్ దగ్గర మగ్గు వాడుతుంది, నాన్నగారు టబ్‌లో బకెట్ పెట్టుకుని స్నానం చేస్తారు. నీళ్లు నేల మీద పడకుండా ఉండవు. డెబ్బై దాటినవాళ్లని అలవాట్లు మార్చుకోమని చెప్పడం నాకు ఇష్టం లేదు.

పనిముట్ల_సంచి (కొలంబస్, ఒహాయో):

వేయించండి అక్కా, సందేహం పెట్టుకోకండి. నేను 2021లో మా ఇంట్లో రెండు బాత్రూమ్‌లకి సొంతంగా వేసుకున్నాను, పైదొకటి, కిందదొకటి. ఇప్పటిదాకా ఒక్క ప్లాంక్ కూడా ఉబ్బలేదు, విడిపోలేదు.

మొదట కాలికి తెలిసే తేడా చెబుతాను. మా ఊళ్లో జనవరిలో బయట మైనస్ పదిహేను ఉన్న పొద్దుటి పూట కూడా ఆ నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి పళ్లు తోముకుంటాను. రాయి, సిరామిక్ అయితే కాలిలోని వేడిని గబగబా లాగేసుకుంటాయి, అందుకే గది వెచ్చగా ఉన్నా నేల చల్లగా తగులుతుంది. వినైల్ అంత వేగంగా లాగదు, కింద పల్చటి ఫోమ్ పొర కూడా ఉంటుంది కాబట్టి అడుగు వేస్తే కొంచెం మెత్తగా అనిపిస్తుంది. మోకాళ్లు మార్పించుకున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. మా అత్తగారు వచ్చిన రెండో రోజే ఈ బాత్రూమ్‌లో కాళ్లు లాగడం లేదురా అన్నారు, మేము అడక్కుండానే.

రెండోది గ్రౌట్ లేకపోవడం. టైల్స్ బాత్రూమ్ తోమినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. టైల్ తుడిస్తే శుభ్రపడుతుంది, మధ్యలో గీతలు మాత్రం నల్లబడుతూనే ఉంటాయి, టూత్‌బ్రష్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చోవాలి, ఏడాదికోసారి సీలర్ పూయాలి. దీనికి తడిగుడ్డ, రెండు చుక్కల సబ్బు చాలు.

మూడోది, చెక్క ఇల్లు కాబట్టి మీకు బాగా పనికొచ్చే సంగతి. మేడమీద నేల అంటే దూలాల మీద కొట్టిన ప్లైవుడ్, మనం నడుస్తుంటే అది వెంట్రుకవాసి ఊగుతుంది. టైల్స్‌కి ఆ ఊపు పనికిరాదు, పగులుతాయి, పైగా వాటి కింద సిమెంట్ బోర్డూ అదీ కావాల్సొస్తుంది, బరువూ పెరుగుతుంది, నేల ఎత్తూ పెరుగుతుంది. ప్లాంక్ మొత్తం మందం 5, 6 మిల్లీమీటర్లు. నేను తలుపు అడుగున కోయనే లేదు, గుమ్మం దగ్గర ఒక సన్నటి పట్టీతో హాల్లో నేలకి కలిసిపోయింది.

కొనేటప్పుడు డబ్బా మీద రెండు చూడండి. ఒకటి లోపలి కోర్. ఎస్‌పీసీ అని ఉంటే సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసింది, గట్టిగా ఉంటుంది, బరువుకి అంత తేలిగ్గా సొట్ట పడదు. డబ్ల్యూపీసీ అంటే లోపల నురగలా గుల్లగా ఉండే రకం, కాలికి ఇంకా మెత్తగా, ఇంకా వెచ్చగా ఉంటుంది గానీ బరువైనది పడితే గుర్తు పడుతుంది. బాత్రూమ్‌కి నేను ఎస్‌పీసీ వాడాను. రెండోది పైన ఉండే అరుగుదల పొర, వేర్ లేయర్ అంటారు. దాన్ని మిల్స్‌లో చెబుతారు, మిల్ అంటే మిల్లీమీటరు కాదు, అంగుళంలో వెయ్యో వంతు. 6 మిల్ ఉన్న చవకరకం వద్దు, 12 ఉంటే ఇంటికి సరిపోతుంది, 20 ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. మీకు కావాల్సింది రెండు డబ్బాలే కాబట్టి మంచిది కొన్నా తేడా ముప్పై, నలభై డాలర్లకి మించదు.

కోయడం కూడా సులువు. కత్తితో గీత గీసి, మోకాలికి ఆనించి వంచితే టక్కున విరుగుతుంది. టాయిలెట్ పైపు చుట్టూ గుండ్రంగా కోయడానికి మాత్రం నేను ముందు అట్టముక్క మీద కొలత గీసుకుని, అది సరిగ్గా కూర్చుందాకా మూడుసార్లు కోసి, ఆ అట్టని ప్లాంక్ మీద పెట్టి జిగ్‌సా రంపంతో కోశాను. తొందరపడి ఉంటే రెండు ప్లాంకులు పాడయ్యేవి. శనివారం పొద్దున టాయిలెట్ తీశాను, ఆదివారం సాయంత్రానికి మళ్లీ బిగించేశాను.

అన్నట్టు మా ఆవిడ చేతిలోంచి నిండు రాగి చెంబు ఆ నేల మీద పడింది. కళ్లు దగ్గర పెట్టి చూస్తే గోటిగిచ్చంత గుర్తు కనిపిస్తుంది, అంతే. టైల్ అయితే పెచ్చు లేచేది.

సీనియర్_సిటిజన్_కొడుకు (ఫ్రిస్కో, టెక్సస్):

రేటు పడిపోతుందన్న మాటకి మాత్రమే జవాబు. మేం పోయినేడు ఇల్లు అమ్మాం. మాస్టర్ బాత్రూమ్‌లో టైల్స్, పిల్లల బాత్రూమ్‌లో వినైల్ ప్లాంక్. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా పిల్లల బాత్రూమ్ నేల గురించి అడగలేదు, శుభ్రంగా ఉందా లేదా అని చూశారంతే. ఖరీదైన ఇంట్లో మాస్టర్ బాత్రూమ్ అయితే నేనూ టైల్సే వేయిస్తాను, కొనేవాళ్లు అక్కడ అదే ఆశిస్తారు. హాల్ బాత్రూమ్‌కి ఆ లెక్క లేదు. ఇప్పుడున్న అంచులు లేచిన షీట్ కంటే ఏది వేసినా ఇంటికి మేలే.

నేలపని_ఎడిసన్ (న్యూజెర్సీ):

అమ్మా, నేను పన్నెండేళ్లుగా ఫ్లోరింగ్ పనిలోనే ఉన్నాను, అన్ని రకాలూ వేస్తాను, కాబట్టి ఏదో ఒకటి అమ్మాలన్న ఆత్రం నాకు లేదు. మీ బాత్రూమ్‌కి వినైల్ ప్లాంక్ సరైనదే. కానీ వాటర్‌ప్రూఫ్ అనే మాటని సరిగ్గా అర్థం చేసుకోండి, ఎందుకంటే మా పనిలో గొడవలన్నీ ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి.

వాటర్‌ప్రూఫ్ అయింది ప్లాంక్. దాన్ని నెల రోజులు బకెట్లో నానబెట్టినా ఉబ్బదు, లామినేట్ అయితే లోపలంతా చెక్కపొట్టు కాబట్టి అంచులు పూరీలా పొంగుతాయి. కానీ ప్లాంక్ కింద మీది ప్లైవుడ్. గోడ పక్కనుంచో, టబ్ మూలనుంచో, టాయిలెట్ కిందనుంచో నీళ్లు దిగితే ఆ ప్లైవుడ్ నానుతుంది, పైన ప్లాంక్ ఉంది కాబట్టి ఆరదు. ఒకరి ఇంట్లో నేల ఎక్కడో మెత్తగా తగులుతోందంటే వెళ్లి విప్పాను. పైన ప్లాంకులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి, కింద టబ్ పక్కన ప్లైవుడ్ బొగ్గులా నల్లబడి స్క్రూడ్రైవర్ గుచ్చితే కేకు ముక్కలోకి దిగినట్టు దిగింది. వేసినవాడు టబ్ పక్కన సందు అలాగే వదిలేసి పైన చెక్క పట్టీ కొట్టి వెళ్లిపోయాడు, అంతే జరిగింది.

ఈ ప్లాంకులు ఒకదానికొకటి క్లిక్‌మని బిగుసుకుంటాయి తప్ప నేలకి అతకవు, ఎండకీ చలికీ కొద్దిగా సాగి ముడుచుకుంటాయి, అందుకని చుట్టూ పావు అంగుళం సందు వదలాలి. ఆ సందుని గదుల్లో అయితే గోడ అడుగున కొట్టే పట్టీతో, అదే బేస్‌బోర్డుతో, కప్పేస్తే చాలు. బాత్రూమ్‌లో చాలదు. టబ్ వెంబడి, టాయిలెట్ పైపు చుట్టూ, గుమ్మం దగ్గర, గోడల వెంట ఆ సందులో సన్నటి ఫోమ్ తాడు దూర్చి, దాని మీద నూరు శాతం సిలికాన్ నింపాలి. సిలికాన్ సాగుతుంది కాబట్టి నేల కదలికకి అడ్డం రాదు. మీ కాంట్రాక్టర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి, టబ్ పక్కన సందు దేంతో మూస్తావు అని. సిలికాన్ అనకుండా గోడ పగుళ్లకి పూసే మామూలు పెయింటర్ కాక్ అన్నాడంటే వేరే మనిషిని చూసుకోండి.

టాయిలెట్ తప్పకుండా తీయించండి. చుట్టూ కోసి వదిలేస్తే అక్కడ గీత కనిపిస్తుంది, అందులోకి దిగేది నీళ్లు మాత్రమే కాదు. తీసినప్పుడు పైపు తలకాయ దగ్గర టాయిలెట్‌ని బిగించే చుట్టు, ఫ్లాంజ్ అంటారు, కొత్త నేల మీద కూర్చునేలా ఉందో లేదో చూడమనండి. అది కిందకి ఉండిపోతే టాయిలెట్‌కీ దానికీ మధ్య పెట్టే మైనపు చుట్టు, అదే వ్యాక్స్ రింగ్, సరిగ్గా నొక్కుకోదు, మెల్లగా కారుతుంది, ఏడాదికి గానీ తెలియదు. కిందకి ఉంటే దాన్ని ఎత్తు చేసే ఫ్లాంజ్ ఎక్స్‌టెండర్ వేస్తే సరిపోతుంది, పెద్ద ఖర్చేమీ కాదు. వాష్‌బేసిన్ కింద ఉండే వ్యానిటీ బీరువాని మాత్రం కదపకండి, దాని దాకా ప్లాంక్ వేస్తే చాలు. బరువైన బీరువాని ప్లాంకుల మీద పెట్టి స్క్రూలు కొడితే నేల అక్కడ బిగుసుకుపోయి ఇంకోచోట లేస్తుంది.

పాత షీట్ పీకాక టబ్ పక్కనా టాయిలెట్ చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడమనండి. మెత్తబడ్డ ముక్క ఉంటే కోసి కొత్త ప్లైవుడ్ వేయించండి, దాని మీదే వేసేయొద్దు. నేల చదునుగా కూడా ఉండాలి, చాలా కంపెనీలు 10 అడుగుల దూరంలో 3/16 అంగుళం మించి ఎత్తుపల్లాలు ఒప్పుకోవు. ఎక్కువుంటే క్లిక్ అంచులు నలిగి విరుగుతాయి. ప్లాంక్‌కి కింద ఫోమ్ అతికించే ఉంటే దాని కింద మళ్లీ ఇంకో ఫోమ్ పరచనివ్వకండి, మెత్తన ఎక్కువైనా జాయింట్లు పోతాయి.

మీ ఇల్లు 1998ది కాబట్టి మీకు భయం లేదు. ఇది చదివే మిగతావాళ్లకి చెబుతున్నాను, ఇల్లు 1980ల ముందుదైతే పాత షీట్ వినైల్‌లో, దాని జిగురులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గీకొద్దు, ఇసుకకాగితంతో రుద్దొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది.

కొత్త ప్లాంకులకి కొన్ని రోజులు కొద్దిగా వాసన ఉంటుంది. ఫ్లోర్‌స్కోర్ ముద్ర ఉన్నవి కొనండి, గాలిలోకి వదిలే రసాయనాల మీద పరీక్ష చేసినవని దానర్థం. వినైల్‌ని మెత్తబరిచే థాలేట్లనే రసాయనాల విషయంలో ఒకప్పుడు ఆందోళన ఉండేది, 2015లో ఇంటి సామాన్లు అమ్మే పెద్ద దుకాణాల కంపెనీ హోమ్ డిపో వాటితో చేసిన ఫ్లోరింగ్ ఇక అమ్మనని ప్రకటించాక పరిశ్రమ చాలావరకు అటే నడిచింది. అయినా డబ్బా మీద చదివి కొనండి.

గోదారి_గట్టు (క్యారీ, నార్త్ కరోలినా):

ఇంత వివరంగా రాసినందుకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదండీ. పావు అంగుళం సందు, సిలికాన్, ఫ్లాంజ్ ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాను. మరి మగ్గు సంగతి ఎవరూ చెప్పలేదు. కింద భోజనాల గది, దాని సీలింగ్ మీదకి కారుతుందేమోనని భయం. ఇంకోటి, ఇదంతా బాగుంటే కాకినాడలో మా ఇంటి బాత్రూమ్‌కి కూడా ఇదే వేయిద్దామా అని నాన్నగారు ఫోన్లో అడిగారు. అక్కడా వేయొచ్చా?

చందానగర్_సివిల్ (హైదరాబాద్):

కాకినాడలో వేయొద్దండీ, దయచేసి వేయొద్దు. వస్తువు చెడ్డదని కాదు, మన బాత్రూమ్ వేరు, అక్కడి బాత్రూమ్ వేరు.

అమెరికాలో బాత్రూమ్ నేల పొడిగా ఉండాలన్న ఆలోచనతో కడతారు. నీళ్లన్నీ టబ్‌లోనో షవర్‌లోనో ఉండిపోవాలి, బయట నేలకి నీళ్లు పోయే దారే ఉండదు. మన దగ్గర నేలే నీళ్లది. స్నానం చేసేది నేల మీద, బట్టలు ఉతికేది నేల మీద, ఆఖర్న నాలుగు బకెట్లు కుమ్మరించి కడిగేది కూడా ఆ నేలనే. అందుకే స్లాబుని కిందకి దించి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ వైపు వాలు పెట్టి టైల్స్ వేస్తాం. క్లిక్ ప్లాంక్ చదునైన నేలకి చేసిన వస్తువు. వాలు మీద, అదీ నాలుగు వైపులనుంచీ ఒక మూలకి దిగే వాలు మీద అది సరిగ్గా కూర్చోదు. కూర్చోబెట్టినా రోజూ పోసే నీళ్లు జాయింట్లలోంచి కిందకి దిగి అక్కడే నిలుస్తాయి, పదిహేను రోజుల్లో వాసన మొదలవుతుంది. ఇక బోరు నీళ్ల తెల్లమరకలు పోవడానికి మనవాళ్లు వాడే బాత్రూమ్ యాసిడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, వినైల్ పై పొర రంగూ మెరుపూ పోతాయి.

మన దగ్గర వినైల్ తడి ఉండే చోట్ల వేయరా అంటే వేస్తారు. ఆసుపత్రుల్లో చూసే ఉంటారు, ఒకే పెద్ద షీటు, జాయింట్లు వేడితో వెల్డింగ్ చేసి, గోడ మీదకి నాలుగు అంగుళాలు వంచి అతికిస్తారు. నీళ్లు దిగడానికి సందే ఉండదు. అది వేరే పని, దానికి వేరే పనివాళ్లు ఉంటారు, ఇంటి బాత్రూమ్ కోసం వాళ్లని వెతికి తేవడం కష్టం.

కాకినాడ ఇంటికి 1 అడుగు బై 1 అడుగు యాంటీ స్కిడ్ టైల్స్ వేయించమనండి. షాపులో మ్యాట్ అంటే నమ్మొద్దు, జారకుండా ఎంత పట్టు ఉంటుందో చెప్పే ఆర్ 11 అనే రేటింగ్ ఉందా అని అడగమనండి. చిన్న టైల్స్ అయితే వాలుకి చక్కగా ఒదుగుతాయి, మధ్యలో గ్రౌట్ గీతలు ఎక్కువ వస్తాయి కాబట్టి కాలికి పట్టు కూడా దొరుకుతుంది. ఈమధ్య అపార్ట్‌మెంట్లలో గాజు పార్టిషన్ పెట్టి స్నానం చేసే భాగాన్ని వేరు చేస్తున్నారు, వాష్‌బేసిన్ ఉన్న పొడి భాగంలో కావాలంటే ప్లాంక్ ఆలోచించొచ్చు. కానీ పనిమనిషి బకెట్‌తో కడిగే ఇల్లయితే అక్కడా టైల్సే మేలు.

తెల్లచీర_నర్సమ్మ (ఫీనిక్స్, అరిజోనా):

నేను ముసలివాళ్ల రీహాబ్ సెంటర్‌లో నర్సుగా చేస్తున్నాను. పడిపోయి వచ్చినవాళ్లని రోజూ చూస్తాను కాబట్టి అమ్మగారి గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

వినైల్ తడిస్తే అస్సలు జారదనుకోకండి. టైల్స్‌లో నున్నటివీ గరుకువీ ఉన్నట్టే వీటిలోనూ ఉంటాయి. షాపుకి వెళ్లినప్పుడు ఒక ముక్క తీసుకుని దాని మీద నీళ్లు చల్లి బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. చెక్క గీతలు చేతికి తగిలేలా ఉండి వేలు ఆగుతూ ఉంటే అది తీసుకోండి, సర్రున జారితే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. కంపెనీ కాగితంలో నేలకి ఎంత పట్టు ఉందో చెప్పే డీసీఓఎఫ్ అనే సంఖ్య ఇస్తారు, టైల్స్‌కి తడి నేల మీద కనీసం 0.42 ఉండాలని ఇక్కడి ప్రమాణం, ప్లాంక్‌కి కూడా అదే చూడండి. వినైల్‌లో నాకు నచ్చేది ఇంకొకటుంది. ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకసారి మనిషి పడొచ్చు, అప్పుడు టైల్ మీద పడటానికీ దీని మీద పడటానికీ దెబ్బలో కొంచెం తేడా ఉంటుంది. మరీ ఎక్కువ ఆశించకండి, కింద ఉన్నది ప్లైవుడ్డే.

నేల ఏదైనా సరే, గ్రాబ్ బార్లు, అంటే గోడకి పట్టుకునే కడ్డీలు, పెట్టించండి. టాయిలెట్ పక్కన ఒకటి, టబ్‌లోకి దిగేచోట ఒకటి. గోడ లోపలి చెక్క స్టడ్స్‌లోకి స్క్రూలు దిగాలి, ఉత్త షీట్‌రాక్‌లోకి, అంటే గోడకి వేసే జిప్సమ్ పలకలోకి, కొడితే మనిషి పట్టుకున్న రోజే ఊడి చేతిలోకి వస్తుంది. కాంట్రాక్టర్ ఎలాగూ వస్తున్నాడు కాబట్టి అదే రోజు పెట్టించేయండి.

మగ్గు గురించి మీ బాధ నాకు తెలుసు, మా అమ్మదీ అదే అలవాటు. టాయిలెట్ సీటు కింద బిగించే బిడే అటాచ్‌మెంట్ కొనండి, పక్కన మీట తిప్పితే నీళ్లు లోపలే వస్తాయి, బయట చుక్క పడదు. మా అమ్మ మొదటి మూడు రోజులు నాకొద్దంది, నాలుగో రోజునుంచి మగ్గు ముట్టుకోలేదు. అయినా మగ్గు అక్కడే ఉంచండి, తీసేస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. నాన్నగారి బకెట్‌కి, షవర్ కర్టెన్ లోపలి పొర టబ్ లోపలికి పడేలా చూసుకోండి, టబ్ రెండు మూలల్లో అతికించే చిన్న ప్లాస్టిక్ రెక్కలు దొరుకుతాయి, స్ప్లాష్ గార్డులంటారు, కర్టెన్ పక్కలనుంచి కారేదంతా అవి ఆపుతాయి.

ఇవి కాక మనిళ్లకే ఉండే తిప్పలు కొన్ని. పండగ తలంట్లకి నువ్వుల నూనె, సున్నిపిండి టబ్‌లోంచి కాళ్లకి అంటుకుని బయటికి వస్తాయి. నూనె పడిన నేల ఏ రకమైనా జారుతుంది, ఆ రోజు మాత్రం గోరువెచ్చటి సబ్బునీళ్లతో వెంటనే తుడవండి. జుట్టుకి వేసే రంగు వినైల్ మీద పడి ఆరిపోతే మరక ఉండిపోతుంది, నాన్నగారు రంగు వేసుకుంటే కింద పాత టవల్ పరచమనండి. అన్నింటికంటే ఎవరూ చెప్పని సంగతి, అడుగున రబ్బరు ఉన్న బాత్ మ్యాట్ వినైల్ మీద వేయకండి. రబ్బరులోని రసాయనం వినైల్‌తో కలిసి కొన్ని నెలలకి మ్యాట్ ఆకారంలోనే పసుపు మచ్చ దిగుతుంది, అది తుడిస్తే పోయేది కాదు. మీ పాత షీట్‌కి టాయిలెట్ చుట్టూ పసుపు వచ్చిందన్నారు, అక్కడ ఎప్పుడైనా అలాంటి మ్యాట్ ఉండేదేమో గుర్తుచేసుకోండి. ఉతుక్కునే నూలు మ్యాట్ వేసి, స్నానం కాగానే తీసి ఆరేయండి.

నేలపని_ఎడిసన్ (న్యూజెర్సీ):

నర్సమ్మగారు చెప్పిన రబ్బరు మ్యాట్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కొన్ని కంపెనీలు వారంటీ కాగితంలోనే రాస్తాయి. దానికి ఒకటి కలుపుతాను, స్టీమ్ మాప్ వాడొద్దు, ఆ వేడి ఆవిరి జాయింట్లలోకి దూరుతుంది. డబ్బాలు తెచ్చాక ఒకట్రెండు రోజులు ఇంట్లోనే పడుకోబెట్టి ఉంచి తర్వాత వేయించండి, గ్యారేజీలో నిలబెట్టొద్దు.

గోదారి_గట్టు (క్యారీ, నార్త్ కరోలినా), ఐదు వారాల తర్వాత:

పని అయిపోయింది, ఏమయిందో చెప్పడం నా బాధ్యత అనుకుని రాస్తున్నాను.

రెండో కాంట్రాక్టర్‌కే ఇచ్చాను, కానీ ముందు సిలికాన్ ప్రశ్న అడిగాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, మీరు ఈ పని చేస్తారా అని అడిగి, సిలికానే వాడతానన్నాడు. పాత షీట్ పీకేటప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. టాయిలెట్ దగ్గర ప్లైవుడ్ గట్టిగానే ఉంది. టబ్ మూల దగ్గర మాత్రం రెండు అడుగుల పొడవున నల్లగా ఉంది, స్క్రూడ్రైవర్ పెడితే పొట్టు రాలింది. అంటే షీట్ అంచు లేచినప్పటినుంచీ నీళ్లు అక్కడికే దిగుతున్నాయన్నమాట. దాన్ని కోసి, కింద దూలం బాగానే ఉందని చూసుకుని, కొత్త ముక్క వేశారు, దానికి 140 డాలర్లు అదనం. ఫ్లాంజ్ పావు అంగుళం కిందకి ఉంటే ఎక్స్‌టెండర్ వేశారు. గ్రాబ్ బార్లు రెండూ స్టడ్స్‌లోకే దిగాయి, నేను వేలాడి చూశాను. అన్నీ కలిపి 1,020 డాలర్లయింది.

షాపులో తొమ్మిది ముక్కల మీద నీళ్లు చల్లి రుద్దాను. నాకు బాగా నచ్చిన లేత బూడిదరంగుది సర్రున జారింది, వదిలేశాను. తెచ్చింది తేనెరంగు ఓక్, 20 మిల్, గీతలు అరికాలికి తగులుతాయి. రబ్బరు మ్యాట్ సంగతి కూడా నిజమే, పాత ఫొటోలు చూస్తే టాయిలెట్ ముందు నాలుగేళ్లు నీలం మ్యాట్ ఉంది, పసుపు మచ్చ సరిగ్గా ఆ ఆకారంలోనే ఉంది.

అమ్మావాళ్లు పోయిన ఆదివారం వచ్చారు. అమ్మ లోపలికి వెళ్లగానే అలవాటుగా గోడ పట్టుకుని, వేళ్లు ముడుచుకుని, ముందు ఒక పాదమే పెట్టింది. తర్వాత రెండోది కూడా పెట్టి, ఇదేమిటే చెక్కా అని వంగి చేత్తో తడిమి చూసింది. వినైలమ్మా అంటే ఆవిడకి అర్థం కాలేదు గానీ, చల్లగా లేదు అంది. మగ్గు ఇంకా వాడుతోంది, బిడే మీట వైపు అనుమానంగా చూస్తోంది. నాలుగు రోజులు ఆగి చూస్తాను. నాన్నగారు కాకినాడ మేస్త్రికి ఫోన్ చేసి ఆర్ 11 టైల్స్ ధర కనుక్కుంటున్నారు.

రెండు డబ్బాల్లో నాలుగు ప్లాంకులు మిగిలాయి. కాంట్రాక్టర్ పారేస్తానంటే వద్దని మంచం కింద పడుకోబెట్టాను, ఎప్పుడైనా ఒకటి దెబ్బతింటే అదే రంగు మళ్లీ దొరక్కపోవచ్చు కదా.